పాత మోటారు సైకిలుకు ఏ మార్పులు చేయించాలి? ఏ వరుసలో?

విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే పాత బండికి దొరకని సామాను ఉండదు. మోత మోగించే సైలెన్సర్లు, రంగురంగుల లైట్లు, వెడల్పాటి టైర్లు, రేసు బండ్ల హ్యాండిళ్లు... డబ్బు చేతిలో ఉంటే సాయంత్రానికి బండి రూపమే మారిపోతుంది. అదే బండి మీద రాత్రి పూట జాతీయ రహదారి ఎక్కి గుంటూరు వెళ్లాల్సి వస్తే వాటిలో ఒక్కటీ అక్కరకు రాదు. పదిహేనేళ్లు దాటినా ఇంజను గట్టిగా ఉన్న స్ప్లెండరో, పల్సరో మీ దగ్గర ఉంటే ఖర్చు ఈ వరుసలో పెట్టండి: ముందు బండి ఆగాలి, తర్వాత దారి కనపడాలి, ఆ తర్వాత తిన్నగా నడవాలి. పికప్ సంగతి వీటన్నిటి తర్వాతే.

ముందు బండిని పరీక్షించండి

సెకండ్ హ్యాండులో కొన్న బండి అయితే 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిందేమో మొదట కనుక్కోండి. అప్పుడు సింగ్‌నగర్ ప్రాంతంలో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. హెడ్‌లైటు డూమ్ విప్పి లోపలి వైర్ల జాయింట్లు చూడండి. రాగి మీద ఆకుపచ్చ చిలుము, మూలల్లో ఎండిన ఒండ్రు కనిపిస్తే కొత్త సామాను ఆలోచన పక్కన పెట్టి, వైరింగు, చక్రాల బేరింగులు, బ్రేకు డ్రమ్ములు విప్పించి శుభ్రం చేయించండి. అసలు ఖర్చు అక్కడే ఉంది.

టైర్లు, బ్రేకులు

టైరు పక్క గోడ మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరును నమ్మవద్దు. మన ఎండలకు రబ్బరు గట్టిపడిపోతుంది, తొలకరి చినుకులు పడ్డ రోడ్డు మీద అది పట్టు వదిలేస్తుంది. కొత్తవి కొనేటప్పుడు కూడా ఆ అంకెలు చూసే తీసుకోండి.

పాత స్ప్లెండర్‌కు కంపెనీ ఇచ్చిన వెనుక టైరు కొలత 2.75-18. దాని బదులు 3.00-18 వేయించుకోవచ్చు. అంతకు మించి వెడల్పు వద్దు. సన్నని రిమ్ము మీద వెడల్పాటి టైరు పొంగి గుండ్రంగా తయారవుతుంది, మలుపులో దాని నడక మారిపోతుంది.

డ్రమ్ము బ్రేకు బళ్లలో బ్రేకు లీవరు దగ్గర ఒక చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు అది ప్యానెల్ మీది గీతను చేరిందంటే షూలు అయిపోయినట్టే. షూలు మార్చేటప్పుడు మెకానిక్కును మరో రెండు పనులు కూడా అడగండి. ఒకటి, షూలను తెరిచే క్యామ్‌ను బయటికి తీసి, శుభ్రం చేసి, చుక్క గ్రీజు పెట్టడం. రెండు, ముందు బ్రేకు కేబులు కొత్తది వేయడం. పాత బళ్లలో బ్రేకు మొద్దుబారడానికి చాలాసార్లు షూల కన్నా ఈ రెండే కారణం. డిస్కు బ్రేకు ఉన్న బండికైతే రెండేళ్లకోసారి బ్రేకు ఆయిలు మార్చాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ చేరిన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది.

డ్రమ్ము తీసేసి డిస్కు పెట్టించమంటారా అని చాలామంది అడుగుతారు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, చక్రం మధ్యలోని హబ్బు, బ్రేకు ఆయిలును నెట్టే మాస్టర్ సిలిండరు అన్నీ మారాలి. వంద సీసీ బండికి అంత ఖర్చు దండగ అని నా అభిప్రాయం. సరిగ్గా బిగించిన డ్రమ్ము దానికి చాలు.

హెడ్‌లైటు

అందరూ తొందరపడి డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఎల్‌ఈడీ బల్బు కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఇంజను ఆపి, తాళం తిప్పి, లైటు స్విచ్చు వేయండి. వెలగకపోతే మీ బండి హెడ్‌లైటు బ్యాటరీ నుంచి కాక నేరుగా మాగ్నెటో (ఇంజనుతో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే భాగం) నుంచి వచ్చే ఏసీ కరెంటుతో నడుస్తున్నట్టు. పాత వంద సీసీ బళ్లు చాలావరకు ఇలాంటివే. సిగ్నల్ దగ్గర నిలబడితే లైటు మసకబారడానికి కారణమూ ఇదే. డీసీ కోసం చేసిన ఎల్‌ఈడీని దానికి తగిలిస్తే మినుకుమినుకుమంటుంది, త్వరగా పాడవుతుంది. తెలిసిన ఎలక్ట్రీషియను చేత మాగ్నెటో కాయిలు ఎర్తింగు విడదీయించి, ఆ ఏసీనంతా డీసీగా మార్చే ఫుల్‌వేవ్ రెగ్యులేటరు పెట్టించి డీసీకి మార్పించుకోవచ్చు. ఆ పని చేయకుండా ఊరికే బ్యాటరీకి కలిపితే చార్జింగు చాలక కొన్నాళ్లకే బ్యాటరీ దిగిపోతుంది.

ఇంజను ఆపినా లైటు వెలిగితే అది డీసీ. అప్పుడు మల్టీమీటరుతో ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, లైటు వెలుగుతుండగా బల్బు హోల్డరు దగ్గర ఒకసారి వోల్టేజీ కొలవండి. రెండింటికీ ఒక వోల్టుకు మించి తేడా ఉంటే మధ్యలోని పాత స్విచ్చు, సన్నని వైర్లు ఆ కరెంటును తినేస్తున్నాయి. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో కూడిన వైరు, ఒక రిలే (పాత స్విచ్చు మీద భారం పడకుండా బల్బుకు కరెంటు కలిపే చిన్న స్విచ్చు) పెట్టిస్తే అదే బల్బు కొత్తదానిలా వెలుగుతుంది. ఖర్చు కొద్ది వందలే. వెలుగు కోసం చేయించదగ్గ మార్పుల్లో నేను మొదట చెప్పేది ఇదే. రిఫ్లెక్టరు మెరుపు పోయి ఉంటే ముందు దాన్ని మార్చండి. తొంభై, వంద వాట్ల బల్బుల జోలికి మాత్రం వెళ్లకండి, హోల్డరు కరిగిపోతుంది.

కోన్‌సెట్, ఫోర్కు

కోన్‌సెట్ అంటే హ్యాండిలు తిరగడానికి ఉండే బేరింగుల జత. దాన్ని పరీక్షించడానికి సెంటరు స్టాండు వేసి, ఇంజను కింద చెక్క ముక్క పెట్టి ముందు చక్రం లేచేలా చేయండి. ఒక్క వేలితో హ్యాండిలును నెమ్మదిగా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. తిన్నగా ఉన్న చోట తలుపు గడియ పడ్డట్టు చిన్నగా పట్టుకుంటే, గుంతల దెబ్బలకు బాల్ రేసులో (బేరింగు గోళీలు తిరిగే గిన్నెలో) గోళీల అచ్చు పడిందన్న మాట. ఎంత బిగించినా అది బాగుపడదు, మార్చాల్సిందే. మార్చేటప్పుడు మీ మోడలుకు సరిపోయే టేపర్ రోలర్ బేరింగు దొరికితే అదే వేయించండి. గోళీ ఒక చుక్క మీద బరువు మోస్తే రోలరు ఒక గీత పొడుగునా మోస్తుంది, అందుకే త్వరగా అచ్చు పడదు.

హ్యాండిలు విప్పిన రోజే ఫోర్కు ఆయిలు, సీళ్లు కూడా మార్పించేస్తే కూలీ కలిసొస్తుంది. ఫోర్కు రెండు కాళ్లలోనూ కంపెనీ పుస్తకంలో చెప్పిన కొలత ప్రకారం సమానంగా పోయాలి.

పెట్రోలు పైపు

2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. దానికి తగ్గ రబ్బరు పాత బళ్లలో ఉండదు. గట్టిపడిన, పగుళ్లు పట్టిన పెట్రోలు పైపును, కార్బ్యురేటరులోని ఓ-రింగులను ఇప్పుడే మార్చండి. ఇథనాల్ తేమను లాక్కుంటుంది కాబట్టి బండిని నెలల తరబడి కదపకుండా సగం ట్యాంకుతో వదిలేయకండి, లోపల తుప్పు పడుతుంది.

చైను పాడైతే రెండు స్ప్రాకెట్లతో కలిపి కిట్టుగానే మార్చండి. ఇంజను ఆయిలు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (మోటారు సైకిలు ఆయిళ్లకు జపాను ప్రమాణం) గుర్తు ఉండాలి. కార్ల కోసం చేసిన ఆయిలు పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

చేయించకూడనివి

మోత సైలెన్సరు పికప్‌ను పెంచదు. పైగా మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద శబ్ద కాలుష్యానికి పదివేల వరకు జరిమానా, లైసెన్సు మీద మూడు నెలల వేటు పడవచ్చు. 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు, బండికి పొంతన కుదరాలి. కాబట్టి ఇంజను మార్పిడి, ఛాసిస్ కోయడం లాంటివి వద్దు. పదిహేనేళ్లు నిండిన బండికి రిజిస్ట్రేషను అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ తనిఖీలో ఇవన్నీ బయటపడతాయి.

పనంతా అయ్యాక మొదటి వంద కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. కొత్త టైరు పైపొర అరిగేవరకు జారుతుంది, కొత్త షూలు డ్రమ్ముకు ఒదగడానికీ సమయం పడుతుంది. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక కోన్‌సెట్ నట్టు, చైను బిగింపు మళ్లీ ఒకసారి చూపించండి.