కోట్ల అంకెలున్న ప్రైమ్ నంబర్ గుట్టు పేపర్ మీద తేల్చడం ఎలా?

2024 అక్టోబర్‌లో జింప్స్ ప్రాజెక్ట్ (ఇలాంటి పెద్ద ప్రైమ్‌లని కంప్యూటర్లతో వెతికే వాలంటీర్ల బృందం) వాళ్ళు 2 పవర్ 136279841 మైనస్ 1 ప్రైమ్ అని ప్రకటించారు, అప్పటిదాకా తెలిసినవాటిలో అదే పెద్దది. మొత్తం రాయడం ఎవరివల్లా కాదు గానీ దాని గురించి చాలా విషయాలు మనమే లెక్కగట్టొచ్చు, నాకైతే అదే అద్భుతంగా అనిపిస్తుంది.

ముందు ఎన్ని అంకెలో చూద్దాం. పవర్‌ని, అంటే 136279841ని, 0.3010299957తో (10 ఆధారంగా 2 లాగరిథమ్ ఇది) గుణించి, దశాంశ భాగం తీసేసి 1 కలపండి, 4,10,24,320 వస్తుంది. ఇక్కడ జాగ్రత్త, 0.30103 అని రౌండ్ చేస్తే ఒక అంకె ఎక్కువొస్తుంది, ఇంత పెద్ద పవర్‌తో గుణించేటప్పుడు చివరి దశాంశాలు కూడా లెక్కలోకొస్తాయి.

చివరి అంకె ఇంకా ఈజీ. 2 పవర్లు 2, 4, 8, 6 అని తిరుగుతూనే ఉంటాయి కదా, 136279841ని 4తో భాగిస్తే శేషం 1, అంటే చివర్లో 2, అందులోంచి 1 తీస్తే 1.

ఇక అసలు సంగతి, ప్రైమేనా అని. పవర్ కూడా ప్రైమ్ అవ్వాలి, కానీ అదొక్కటే సరిపోదు. 11 ప్రైమే, కానీ 2 పవర్ 11 మైనస్ 1 అంటే 2047, అది 23 ఇంటూ 89. ఆ రెండిటినీ చూడండి, 22 గుణిజానికి 1 కలిపితే వచ్చేవే. పవర్ బేసి ప్రైమ్ p అయితే ఏ కారణాంకమైనా 2p గుణిజానికి 1 కలిపినట్టే ఉంటుంది, అందుకే వెతకాల్సినవి బాగా తగ్గిపోతాయి.

కారణాంకాలు వెతక్కుండానే తేల్చేది లూకాస్-లేమర్ టెస్ట్. 127తో, అంటే 2 పవర్ 7 మైనస్ 1తో చేసి చూడండి. 4తో మొదలెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి 127తో భాగించి శేషం ఉంచుకోవాలి. భాగహారానికి ఒక షార్ట్‌కట్ ఉంది, 128తో భాగించి భాగఫలాన్ని, శేషాన్ని కలిపేయండి, అదే సరిపోతుంది, కలిపితే 127 వస్తే మాత్రం సున్నా అనుకోవాలి. 4 నుంచి 14, దాన్నుంచి 194, అందులో ఒక 128, మిగిలింది 66, కలిపితే 67. తర్వాత 4487 వస్తుంది, 35 ప్లస్ 7, 42. తర్వాత 1762, 13 ప్లస్ 98, 111. చివరికి 12319, 96 ప్లస్ 31, సరిగ్గా 127, అంటే సున్నా. పవర్ కంటే రెండు తక్కువ సార్లు, ఇక్కడ అయిదు సార్లు, చేశాక సున్నా వస్తే ప్రైమ్, రాకపోతే కాదు, ఇందులో అనుమానానికి చోటే లేదు.

పైన చెప్పిన పెద్ద నంబర్‌కి ఇదే పని 13,62,79,839 సార్లు చెయ్యాలి, ప్రతిసారీ నాలుగు కోట్ల అంకెల దాకా ఉన్న సంఖ్యని వర్గం చేస్తూ.