గర్భిణికి అయోడిన్ అందాలంటే ఉప్పు ఎలా కొనాలి, ఎలా వాడాలి

మన గుంటూరు, విజయవాడ ఇళ్లలో ఉప్పు కూరలోనుంచే కాదు, పచ్చళ్లలోనుంచీ ఒంట్లోకి చేరుతుంది. ఏడాదికి సరిపడా పెట్టుకునే ఆవకాయలో, పండుమిరప పచ్చడిలో చాలామంది వేసేది విడిగా కొన్న రాళ్ల ఉప్పు. అందులో సాధారణంగా అయోడిన్ కలపరు. అందుకే రోజూ పచ్చడన్నం తినే గర్భిణికి ఉప్పు ఎక్కువై, అయోడిన్ తక్కువ పడుతుంది. సైంధవ లవణానికి మారినవాళ్లదీ ఇదే ఇబ్బంది.

మొదటి 12 వారాలు బిడ్డకు సొంత థైరాయిడ్ (మెడ ముందు భాగంలో ఉండే, హార్మోన్ తయారుచేసే గ్రంథి) పనిచేయదు. మెదడు ఎదిగేది తల్లి థైరాయిడ్ హార్మోన్‌తోనే, ఆ హార్మోన్ తయారవ్వాలంటే అయోడిన్ కావాలి. లోపం తీవ్రమైతే గర్భస్రావం కావచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, పుట్టిన బిడ్డకు బుద్ధిమాంద్యం, చెవుడు రావచ్చు. థైరాయిడ్ ఉబ్బి గొంతు దగ్గర వాపు (గాయిటర్) కనిపించకపోయినా లోపం ఉండొచ్చు. కాబట్టి నెల తప్పాక మొదలుపెడదామనుకోవద్దు, బిడ్డ కావాలనుకున్నప్పుడే ఉప్పు మార్చండి.

మామూలు పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. గర్భిణికి, పాలిచ్చే తల్లికి 250 కావాలి. మన దేశపు ప్రమాణం ప్రకారం ఇంటికి చేరే ఉప్పులో గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలి. రోజుకు ఒక చెంచా, అంటే 5 గ్రాముల ఉప్పుకు 75 వస్తాయి. వంటలో అందులోనూ కొంత పోతుంది. అలాగని ఉప్పు పెంచకూడదు, బీపీ పెరుగుతుంది. మిగతాది పాలు, పెరుగు, గుడ్లు, సముద్రపు చేపల నుంచి రావాలి. వంజరం, చందువా లాంటి సముద్రపు చేపల్లో ఉన్నంత అయోడిన్ చెరువు బొచ్చెలో ఉండదు. అంగన్‌వాడీ గుడ్డు, పాలు ఇంట్లో అందరికీ పంచకుండా గర్భిణికే పెట్టండి.

ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉందో లేదో, తయారీ తేదీ ఎప్పటిదో చూసి కొనండి. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ దాదాపు 50 రోజులు వస్తుంది, బస్తాలు కొని నిలవ చేయొద్దు. తేమ, వేడి, ఎండ తగిలితే అయోడిన్ తగ్గిపోతుంది. మూతలేని ఉప్పు జాడీ పొయ్యి పక్కన ఉంటే జరిగేది అదే. గట్టి మూత ఉన్న సీసాలో పోసి, పొడి చెంచాతో తీయండి, కూర దించే ముందు వేయండి.

అయోడిన్ ఉప్పు వేస్తే పచ్చడి పాడవుతుందని అనుకుంటారు, కానీ పాడవదు. కొలత తేడా వల్లే అలా అనిపిస్తుంది: ఒకే గిద్దెలో రాళ్ల ఉప్పు కంటే మెత్తటి ఉప్పు ఎక్కువ బరువు తూగుతుంది. అందుకని తూకంతో వేయండి, లేదా అయోడిన్ కలిపిన రాళ్ల ఉప్పు ప్యాకెట్ కొనండి.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలో అయోడిన్ ఉండదు. పాలు, గుడ్లు, చేపలు ఏవీ తినని గర్భిణి 150 మైక్రోగ్రాముల అయోడిన్ ఉన్న మాత్ర గురించి డాక్టర్‌ని అడగాలి. సముద్రపు నాచు మాత్రలు మాత్రం వద్దు, వాటిలో మోతాదు మితిమీరి బిడ్డ థైరాయిడ్‌ను దెబ్బతీయవచ్చు. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతున్నవాళ్లు దాన్ని ఆపకూడదు. పరగడుపున వేసుకుని, ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఇవ్వాలి.

కాన్పయ్యాక బిడ్డకు అయోడిన్ చేరేది తల్లిపాల ద్వారానే. పథ్యం పేరుతో బాలింతకు పాలు, గుడ్డు, చేప మాన్పించకండి.