పారసీలో 'నాకు వంకాయ పడదు' అనడం ఎలా

హైదరాబాద్‌లో మా మేడ మీద వాటాలో నాలుగేళ్లు ఒక టెహ్రాన్ కుటుంబం అద్దెకుండేది. నా పారసీ చదువంతా ఆ ఇంటావిడ వంటింట్లోనే. కాబట్టి నేను చెప్పేది నోటి పారసీ. రాసేటప్పుడు కొన్ని మాటలు మారతాయి.

పుస్తకాలు మామూలుగా 'దూస్త్ దారమ్'తో మొదలుపెడతాయి. 'చాయ్ దూస్త్ దారమ్' అంటే నాకు టీ ఇష్టం. ఫలానా ఈ టీ అని చూపిస్తే 'ఈన్ చాయ్ రో దూస్త్ దారమ్'. ఈ 'రో' మన 'ని' లాంటిది. బాగానే ఉంది కానీ, అక్కడ కర్త 'నేను'. మనకేమో 'నాకు' అని వస్తుంది. అందుకే తెలుగువాళ్లు 'ఖోషమ్ మియాద్'తో మొదలుపెట్టడం మేలంటాను.

'అజ్ కబాబ్ ఖోషమ్ మియాద్.' కబాబ్ అంటే నాకిష్టం. మన 'అంటే' చేసే పని అక్కడ 'అజ్' చేస్తుంది, కాకపోతే ముందు వస్తుంది. నాకు, నీకు, తనకు అన్న తేడా అంతా ఖోష్ చివర తెలుస్తుంది: ఖోషమ్, ఖోషెత్, ఖోషెష్. 'మియాద్' మాత్రం మారదు, మన 'నచ్చుతుంది' లాగే. మొదటివారం నేను తెలివిగా దాన్నీ మార్చి 'ఖోషమ్ మియామ్' అన్నాను. మియామ్ అంటే వస్తాను. ఆవిడ గరిటె పట్టుకునే 'కొజా?' అంది. ఎక్కడికీ అని!

నచ్చదనాలంటే 'ఖోషమ్ నెమియాద్'. 'బదమ్ మియాద్' అని కూడా ఉంది, కానీ అది అసహ్యం దాకా వెళ్తుంది. వడ్డించినవాళ్ల ముందు అనకండి. నాకు వంకాయ తింటే ఒళ్లంతా దురద. దానికి 'బాదెమ్‌జూన్ బెహెమ్ నెమీసాజె' అని నేర్పింది. అచ్చంగా మన 'పడదు'! ఎవరి మనసూ నొప్పించని మాట.

రెంటిలో ఒకటి ఎంచుకోవాలంటే 'చాయ్ రో బె గహ్‌వె తర్జీహ్ మీదమ్': కాఫీ కంటే టీయే. నోరు తిరగకపోతే 'చాయ్ బీష్తర్ దూస్త్ దారమ్' అన్నా సరిపోతుంది.

'చీ మెయ్ల్ మీకొనీన్?' అంటే ఏం పుచ్చుకుంటారని మర్యాదగా అడగడం. జవాబులో 'మెయ్ల్ మీకొనమ్' అంటే మన పేరుకు మనమే గారు తగిలించుకున్నట్టుంటుంది. 'చాయ్ మీఖోరమ్' అనండి. తినడానికీ తాగడానికీ ఈ ఒక్క క్రియే. ఇంకోటి, సబ్జీ అంటే కూర అనుకునేరు, అక్కడ అది ఆకుకూర. ఘోర్మె సబ్జీ అనే వాళ్ల మాంసం పులుసు అంత పచ్చగా ఉండేది అందుకే.

తింటూ 'ఖేయ్లీ ఖోష్‌మజ్జస్త్', చాలా రుచిగా ఉంది అన్నామా, 'నూషె జాన్', హాయిగా తినండి అంటూ ఇంకో గరిటె పడుతుంది. ఆపాలంటే 'సీర్ షొదమ్', కడుపు నిండింది అనాలి. ఒక్కసారి అంటే మొహమాటం కింద లెక్క, దాన్నే తారోఫ్ అంటారు. ఆవిడ మూడోసారికి గానీ నమ్మేది కాదు.