ఊళ్లో పాడుబడ్డ పాత ఇంటిని గవర్నమెంట్ సాయంతో మళ్లీ లేపాలంటే ఏం చేయాలి

పొదిలి, కనిగిరి, దర్శి చుట్టుపక్కల ఏ పల్లెకి పోయినా వీధికి రెండు మూడు తాళం వేసిన ఇళ్లు కనపడతాయి, ఇటు ఉదయగిరి, వింజమూరు వైపు కూడా అంతే. పెద్దోళ్లు పోయారు, పిల్లలు హైదరాబాదుకో బెంగుళూరుకో పోయారు, మిద్దె మీద చవుడు పోసేవాళ్లు లేక నవంబర్ వానలకి నీళ్లు దిగి దంతెలు పుచ్చిపోయి ఒక మూల కూలిపోయింది, లోపల కంపచెట్లు మొలిచాయి. ఇట్టాంటి ఇంటికి గవర్నమెంట్ డబ్బులు ఏమన్నా వస్తాయా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసినంత వరకు మొత్తం ఒక చోట రాస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక విషయం. ఖాళీగా ఉన్న ఇంటికి రిపేరు గ్రాంటు అని మన దగ్గర విడిగా స్కీమ్ లేదు. ఐర్లండ్‌లో ఉంది, రెండేళ్లు ఖాళీగా ఉన్న పాత ఇంటికి 50,000 యూరోల దాకా, మరీ శిథిలమైపోతే 70,000 యూరోల దాకా ఇస్తారు, అక్కడున్న మనవాళ్లు ఆ వీడియోలు పంపిస్తే ఇక్కడ కూడా అట్టాంటిది ఉందేమో అనుకుంటున్నారు. అక్కడ ఇంటిని చూసి ఇస్తారు, మన దగ్గర మనిషిని చూసి ఇస్తారు. అంటే ఇల్లు ఎంత కూలిపోయింది అనేది కాదు లెక్క, ఆ స్థలం ఎవరి పేరు మీద ఉంది, ఆ మనిషికి దేశంలో ఎక్కడన్నా పక్కా ఇల్లు ఉందా లేదా, ఇదే లెక్క. ఇది అర్థమైతే సగం పని అయినట్టే.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఏందంటే, సిటీలో ఫ్లాట్ కొనుక్కుని కారు పెట్టుకున్న అన్న పేరు మీద అప్లై చేస్తే రాదు, రాకూడదు కూడా. ఊళ్లోనే అద్దెకో, పూరింట్లోనో ఉండే తమ్ముడో చెల్లెలో ఉంటే ఆ స్థలం వాళ్ల పేరు మీదకి మార్చి వాళ్ల చేత అప్లై చేయించండి. మూతపడ్డ ఇల్లు మళ్లీ లేవడానికి మన జిల్లాల్లో నిజంగా పనికొచ్చే దారి ఇది ఒక్కటే అని నా నమ్మకం.

ఇప్పుడు స్కీములు. మీ ఊరు పూర్తిగా పల్లె అయితే పీఎం ఆవాస్ యోజన గ్రామీణ్, ఇది 2016లో పాత ఇందిరా ఆవాస్ స్థానంలో వచ్చింది, ఇప్పుడు 2028-29 దాకా పొడిగించారు. మైదాన ప్రాంతంలో ఇంటికి 1,20,000 రూపాయలు, అందులో కేంద్రం 60 శాతం రాష్ట్రం 40 శాతం. దీనికి తోడు ఉపాధి హామీ కింద 90 రోజుల కూలి మీ ఇంటి పనికే ఇస్తారు, 2025-26లో రేటు 307 రూపాయలు ఉంది కాబట్టి ఆ లెక్కన 27,630 అయింది, జాబ్ కార్డు ఉండాలి మరి. మరుగుదొడ్డికి విడిగా 12,000. ఇంకా కావాలంటే 70,000 దాకా బ్యాంకు లోను మీద వడ్డీలో 3 శాతం తగ్గింపు ఉంది కానీ దీని గురించి అడిగేవాళ్లే తక్కువ.

టౌన్ అయితే పీఎం ఆవాస్ అర్బన్ 2.0, 2024 సెప్టెంబర్‌లో మొదలైంది. సొంత స్థలంలో కట్టుకునేవాళ్లకి కేంద్రం 1,50,000, రాష్ట్రం కనీసం 1,00,000 కలిపి 2,50,000. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉండాలి, కార్పెట్ ఏరియా, అంటే గోడలు తీసేసి లోపలి కొలత, 30 నుంచి 45 చదరపు మీటర్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది చూడండి, అర్బన్ స్కీమ్ అంటే మున్సిపాలిటీ లోపలే అనుకోబాకండి, అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ కిందకి వచ్చే పల్లెలు కూడా ఇందులోకి రావచ్చు. నెల్లూరు వైపు నుడా, ఒంగోలు వైపు ఔడా ఉన్నాయి కదా, మీ పంచాయతీ వాటిల్లో ఉందా లేదా సచివాలయంలో మొదటే అడగండి, రెండు స్కీములకీ మధ్య లక్షకి పైనే తేడా ఉంది, తప్పు లిస్టులో పేరు ఎక్కితే తర్వాత మార్పించుకోవడం పెద్ద తలనొప్పి.

గ్రామీణ్ కింద ఎవరికి రాదో కూడా చెప్తా, తిరిగి తిరిగి చివర్లో రిజెక్ట్ అయితే బాధ. మూడు చక్రాల నాలుగు చక్రాల మోటారు బండి ఉన్నవాళ్లు, ట్రాక్టర్ ఉన్నవాళ్లు, కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి 50,000 ఆపైన ఉన్నవాళ్లు, ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి ఉన్నా, నెలకి 15,000 పైన సంపాదించేవాళ్లు ఉన్నా, ఇన్‌కమ్ ట్యాక్స్ గానీ ప్రొఫెషనల్ ట్యాక్స్ గానీ కట్టినా, రెండున్నర ఎకరాల తరి లేదా 5 ఎకరాల మెట్ట ఉన్నా రాదు. బైక్ ఉంటే పర్లేదు, ఫ్రిజ్ ఉంటే పర్లేదు, ఈ రెండూ పాత రూల్‌లో ఉండేవి ఇప్పుడు తీసేశారు.

సరే, అసలు కష్టం దగ్గరకి వద్దాం, స్థలం కాగితం.

మన పల్లెల్లో పాత ఇళ్లన్నీ గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్లకని వదిలిన స్థలంలో ఉంటాయి, తాత కట్టాడు నాన్న ఉన్నాడు అంతే, రిజిస్టర్ కాగితం ఉండదు. ఉండేది ఇంటి పన్ను రసీదు, అది కూడా తాత పేరు మీదే వస్తా ఉంటుంది. ముందు పంచాయతీ సెక్రటరీ దగ్గరకి పోయి ఆ డోర్ నంబర్ ఇంటి పన్ను రాసే డిమాండ్ రిజిస్టర్‌లో ఎవరి పేరు మీద ఉందో చూడమనండి, బాకీ ఉంటే కట్టేయండి, ఏళ్ల తరబడి కట్టకపోయినా పెద్ద మొత్తం ఏం ఉండదు. 2020లో మొదలైన స్వామిత్వ సర్వేలో డ్రోన్‌తో మీ ఊరు కొలిచి ఉంటే ప్రాపర్టీ కార్డు వస్తుంది, అందులో ఎవరి పేరు ఎక్కిందో తప్పకుండా చూసుకోండి, కొలిచేటప్పుడు మనం ఊళ్లో లేకపోతే పక్కింటాయన హద్దులోకి రెండడుగులు పోయి ఉండొచ్చు.

తర్వాత డెత్ సర్టిఫికెట్లు. తాతవి, నాన్నవి. చనిపోయినప్పుడు రాయించకపోతే ఏడాది దాటాక ఆర్డీఓ ఆర్డర్ కావాలి, దీనికి టైం పడుతుంది కాబట్టి అన్నిటికన్నా ముందు ఇది మొదలెట్టండి. ఆ సర్టిఫికెట్ వచ్చాక సచివాలయంలోనో మీసేవలోనో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి పెట్టండి, వీఆర్‌ఓ ఎంక్వైరీ చేస్తాడు, తాసిల్దార్ ఇస్తాడు. అందులో ఆడపిల్లల పేర్లు వదిలేయబాకండి. పెళ్లయి పోయారు కదా వాళ్లకేం ఉంది అంటారు ఊళ్లో, చట్టం అట్టా అనదు, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉంది. వదిలేసి కాగితాలు చేయిస్తే రేపు ఎవరో ఒకరు అబ్జెక్షన్ పెడతారు, బిల్లు అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు వారసులందరూ కలిసి ఎవరికి ఇల్లు కావాలో వాళ్ల పేరు మీద హక్కు విడుదల పత్రం, అదే రిలీజ్ డీడ్, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయాలి. రక్తసంబంధీకుల మధ్య కాబట్టి స్టాంపు డ్యూటీ సేల్ డీడ్ కన్నా తక్కువ. గ్రామకంఠం నంబరు నిషేధిత జాబితాలో ఉండి రిజిస్టర్ కాకపోతే అందరి సంతకాలతో నోటరీ ఒప్పందం రాయించి, పంచాయతీ నుంచి ఓనర్‌షిప్ సర్టిఫికెట్, రెవెన్యూ నుంచి స్థలం మీ స్వాధీనంలోనే ఉందని పొజిషన్ సర్టిఫికెట్ తీసుకోండి.

డబ్బుకన్నా ఇక్కడ కష్టమైంది మాట్లాడటం. మా బంధువుల్లో ఒక ఇంట్లో జరిగింది చెప్తా. ఊళ్లో కూలి పనికి పోయే చెల్లెలు, హైదరాబాదులో అన్న, కందుకూరులో పెద్దక్క. అన్న ఫోన్లో వెంటనే సరేనన్నాడు, పెద్దక్క మాత్రం సంతకం పెట్టనంది. ఎందుకంటే ఆమెకి స్థలం మీద ఆశ లేదు, సంక్రాంతికి వచ్చి దిగడానికి పుట్టింటి గడప ఉండదేమో అని భయం. చెల్లెలే కందుకూరు పోయి “అక్కా, గోడలు నా పేరు మీద ఉంటాయి, ఇల్లు మాత్రం నీది కూడా, అమ్మ పటం పెట్టే గూడు అట్టాగే ఉంచుతా” అంది. అంతే, రెండు రోజుల్లో ముగ్గురూ రిజిస్ట్రార్ ఆఫీసుకి వచ్చారు. కాబట్టి కాగితం పంపించి సంతకం పెట్టు అనబాకండి, మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, మంజూరు కాకముందు పాత ఇంటిని కూలగొట్టబాకండి. చాలామంది స్థలం శుభ్రంగా ఉంటే త్వరగా వస్తుందని జేసీబీ పెట్టి చదును చేసేస్తారు. సర్వేలో మీరు ఇప్పుడుంటున్న చోటు, కట్టబోయే చోటు రెండూ చూస్తారు, ఫోటోలు లొకేషన్‌తో సహా ఎక్కిస్తారు, కూలిన మట్టి గోడలు అక్కడ ఉంటే అది మీ పాత ఇల్లే అని ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. మీరు కూడా నాలుగు దిక్కులా ఫోటోలు తీసి పెట్టుకోండి, తేదీ కనపడేట్టు, పక్కిళ్ల గోడలు కూడా పడేట్టు. హద్దు తగాదా వస్తే ఆ ఫోటోలే కాపాడతాయి.

అప్లికేషన్ ఎక్కడ అంటే గ్రామ సచివాలయంలోనే. ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని కలవండి, హౌసింగ్ పని చూసేది ఆయనే, మండలంలో హౌసింగ్ ఏఈ ఉంటాడు. గ్రామీణ్ స్కీముకి ఆవాస్ ప్లస్ సర్వేలో పేరు ఎక్కాలి, సర్వే తెరిచి ఉన్నప్పుడు ఆవాస్ ప్లస్ 2024 యాప్‌లో మనంతట మనమే కూడా చేసుకోవచ్చు, ఆధార్‌తో ముఖం చూపించాలి, ఒక ఫోన్ నుంచి ఒక్క సర్వేనే. సర్వే మూసేసి ఉన్నా ఊరికే తిరిగి రాబాకండి, అర్జీ రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీ ఎట్టా రాయాలా అని భయపడొద్దు, ఇంతే:

“అయ్యా, నేను ఫలానా గ్రామంలో పుట్టి ఇక్కడే ఉంటున్నాను. నాకు గానీ నా భర్తకు గానీ దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేదు. మా తండ్రి గారి పాత మట్టి ఇల్లు, డోర్ నంబరు ఇంత, కూలిపోయి ఉండటానికి పనికిరాకుండా ఉంది. వారసులందరూ ఆ స్థలం నాకు వదిలారు, పత్రం జతచేశాను. ఆ స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి నన్ను అర్హుల జాబితాలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.”

జతగా ఆధార్ జిరాక్సులు ఇంట్లో అందరివీ, రేషన్ కార్డు, జాబ్ కార్డు, ఆధార్ లింకైన బ్యాంకు పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు, పొజిషన్ సర్టిఫికెట్ లేదా రిలీజ్ డీడ్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు. ఆధార్‌లో పేరు, పాస్‌బుక్‌లో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి, వెంకట సుబ్బమ్మ ఒక దాంట్లో, సుబ్బమ్మ ఇంకో దాంట్లో అయితే డబ్బులు పడవు. ఇల్లు ఆడవాళ్ల పేరు మీదో, భార్యాభర్తల ఇద్దరి పేరు మీదో ఇస్తారు కాబట్టి స్థలం కాగితం కూడా అదే పేరుకి సరిపోయేట్టు మొదట్లోనే చూసుకోండి. లిస్టులో పేరు పెట్టిస్తాం పదివేలు ఇవ్వు అనే మధ్యవర్తులకి ఒక్క రూపాయి ఇవ్వబాకండి, ఓటీపీ అసలే చెప్పబాకండి.

మంజూరయ్యాక డబ్బు ఒకేసారి రాదు. మొదటి విడత తర్వాత బేస్‌మెంట్, రూఫ్ లెవల్, శ్లాబ్, ఇట్టా దశకో ఫోటో, ఫోటో ఎక్కితేనే తర్వాతి బిల్లు. అంటే ప్రతి దశకీ ముందు చేతి డబ్బు పెట్టుకోగలగాలి. గ్రామీణ్‌లో కనీసం 25 చదరపు మీటర్లు వంటిల్లుతో కలిపి ఉండాలి, ఏడాదిలో పూర్తి చేయాలి. నిజం చెప్పాలంటే 1,20,000తో శ్లాబ్ ఇల్లు పూర్తవదు, అప్పు చేసి మూడు గదులు మొదలెట్టి రూఫ్ లెవల్‌లో ఆగిపోయిన ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. చిన్నగా మొదలెట్టండి, ఒక గది వంటిల్లు పూర్తి చేసి బిల్లు అంతా తీసుకుని తర్వాత పెంచుకోండి.

ఖర్చు తగ్గేది పాత ఇంట్లోనే ఉంది. కూల్చేటప్పుడు జేసీబీ కాకుండా మనుషుల్ని పెట్టి విప్పించండి. తలుపులు, ద్వారబంధాలు టేకువి అయితే చెదలు గీకి మళ్లీ వాడుకోవచ్చు, నాపరాళ్లు పగలకుండా దిగితే వంటగట్టుకీ అలమరలకీ వస్తాయి, పునాది బండలు కొత్త పునాదికి పోతాయి, గోడ మట్టి బేస్‌మెంట్ నింపడానికి పనికొస్తుంది. ఇసుక 2024 జులై నుంచి ఉచితం, తవ్వకం రవాణా ఖర్చులు మాత్రం మనవే.

కరెంటు మీటరు పాతది తాత పేరు మీద ఉండి కట్ అయి ఉంటే బాకీ కట్టి పేరు మార్పించుకోండి, కరెంటు కంపెనీ నెల్లూరు వైపు ఎస్పీడీసీఎల్, ప్రకాశం వైపు సీపీడీసీఎల్.

ఇల్లు తుఫానుకో వాయుగుండం వానకో కూలితే దారి వేరు. జనం ఉంటున్న ఇల్లు అయితే వెంటనే వీఆర్‌ఓకి చెప్పి నష్టం జాబితాలో రాయించండి, విపత్తు సాయం కేంద్ర నిబంధనల ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి మైదానంలో 1,20,000, కనీసం 15 శాతం దెబ్బతిన్న కచ్చా ఇంటికి 4,000, పక్కా ఇంటికి 6,500. తాళం వేసి ఉన్న ఇంటిని ఈ లిస్టులో రాయించడం కష్టమే.

ఇంక ఏ స్కీముకీ అర్హత లేని ఉద్యోగస్తులు పాత ఇంటిని సొంత డబ్బుతో బాగుచేసుకుంటే, రిపేరు కోసం తీసుకున్న లోను వడ్డీ మీద పాత పన్ను విధానంలో ఏడాదికి 30,000 దాకా మినహాయింపు ఉంది, బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తీసుకోండి.

పేరు లిస్టులో ఎందుకు రాలేదో ఎవరూ చెప్పకపోతే అర్జీ రసీదు జిరాక్సు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి పోండి, ఏ జిల్లాలో అయినా అదే రోజు. అక్కడ ఇచ్చే నంబరుతో అర్జీ మళ్లీ మండలానికే వస్తుంది, అప్పుడు మాత్రం రాతపూర్వకంగా కారణం చెప్పాల్సిందే, ఆ కారణం చేతికొస్తే దాన్ని బట్టి ఏ కాగితం తక్కువైందో చూసుకుని మళ్లీ పెట్టుకోవచ్చు.