మిద్దె మెట్ల పక్కన ఒక సంచి

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలును ముంచెత్తినప్పుడు చాలామంది కట్టుబట్టలతో మిద్దెల మీదికి ఎక్కారు. అందుకే మా ఇంట్లో ఏటా వానాకాలానికి ముందే ఒక సంచి సర్ది, మెట్ల పక్కన మేకుకు తగిలిస్తాం. బీరువాలో పెడితే లాభం లేదు. చీకట్లో, మోకాలి లోతు నీళ్లలో చేతికి అందాలి.

ముందు టార్చి. సెల్స్ మాత్రం లోపల వేసి వదిలేయొద్దు, నెలల తరబడి ఉంటే కారిపోయి టార్చినే పాడుచేస్తాయి. విడిగా చిన్న కవర్లో చుట్టి పక్కనే పెట్టండి. పవర్ బ్యాంకును రెండు నెలలకోసారి ఛార్జి చేయాలి. పాత బటన్ ఫోన్ ఉంటే సిమ్ వేసి పెట్టుకోండి, ఒక్క ఛార్జితో రోజుల తరబడి వస్తుంది.

ఇంకోటి విజిల్. చిన్న వస్తువని తీసిపారేయకండి. అరిచి అరిచి గొంతు పోతుంది కానీ, విజిల్ చప్పుడు వాన హోరులోనూ దూరం వెళ్తుంది.

ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు జిప్ కవర్లో పెట్టాలి. బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, క్లోరిన్ బిళ్లలు కూడా. వరద తీశాక బోరు నీళ్లు నేరుగా తాగొద్దు, కాచి తాగండి.

112, 108తో పాటు మనవాళ్ల నంబర్లు కాగితం మీద రాసి వేయండి. ఫోన్ ఆగిపోతే సొంత అన్న నంబరు కూడా గుర్తురాదు.

సంచి ఎక్కడుందో పిల్లలకు ఈరోజే చూపించండి.