లైనక్స్‌ల వైఫై తిప్పలు, మూడో పాఠం: నెట్‌వర్క్ పేర్లే కనబడకపోతే

పోయిన పాఠంల వైఫై కనెక్ట్ అయినా నెట్ రాకపోతే ఏం చూడాలో చెప్పుకున్నం, ఇయ్యాల ఇంకో మెట్టు కిందికి పోదాం, అసలు లిస్టే ఖాళీ, లేకపోతే సెట్టింగ్స్‌ల వైఫై అన్న ముచ్చటే లేదు, అప్పుడెట్ల? హన్మకొండ నయీంనగర్ దిక్కు రూముల ఉండి చదువుకునే పిల్లలు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని ఉబుంటో మింటో (రెండూ లైనక్స్ రకాలే) ఏసుకుంటరు, వైఫై రాకపోతే మళ్ల అదే పెన్‌డ్రైవ్‌తోని ఇన్‌స్టాల్ చేస్తరు. దయచేసి ఆ పని చెయ్యకుండ్రి, ఎన్నిసార్లు ఏసినా అదే కర్నెల్ (లైనక్స్‌ల హార్డ్‌వేర్‌ను నడిపే అసలు భాగం), అదే ఖాళీ లిస్ట్. ఏం తక్కువైందో కర్నెల్‌నే అడగాలె.

ముందు టెర్మినల్‌ల (కమాండ్లు కొట్టే కిటికీ) 'ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్' కొట్టుండ్రి. సాఫ్ట్ బ్లాక్డ్ దగ్గర యెస్ ఉంటే వైఫైని సాఫ్ట్‌వేర్ ఆపిందన్నట్టు, 'సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై' కొడితే సరిపోతది. హార్డ్ బ్లాక్డ్ యెస్ అంటే మాత్రం కమాండ్లతోని కాదు, పాత ల్యాప్‌టాప్‌లకు పక్కన చిన్న స్విచ్ ఉంటది, అది చూడాలె.

అక్కడ ఏం తేలకపోతే ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, అడ్డగీత పెట్టి చిన్న కే. నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న లైన్ కింద 'కర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అని ఉండాలె. కార్డు పేరుండి ఆ లైన్ లేదంటే కార్డు బాగనే ఉన్నది, దాన్ని నడిపే డ్రైవర్ లేదు. రియల్‌టెక్ 8821సీఈ కార్డు సంగతే చూడుండ్రి, దాని డ్రైవర్ 5.9 కర్నెల్ నుంచి లోపలనే వస్తది, కానీ ఉబుంటు 20.04 మొదట వచ్చినప్పుడు 5.4 ఉండె, అందుకే ఆ పాత పెన్‌డ్రైవ్‌తోని ఎంత కొట్లాడినా రాదు, కొత్త వర్షన్ ఏసుకుంటే అయిపోతది.

డ్రైవర్ ఉండి కూడ వైఫై లేదంటే ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) మీద అనుమానం పెట్టుకోవాలె. 'సుడో డీఎంఈఎస్‌జీ' కొట్టి, వచ్చే కర్నెల్ మెసేజ్‌లల ఫర్మ్‌వేర్ అన్న మాట వెతకండి, ఫెయిల్డ్, ఎర్రర్ మైనస్ 2 అని ఉంటే ఆ ఫైల్ డిస్క్‌ల లేదని అర్థం. ఇంటెల్ కార్డు ఉన్నోళ్లు ఇక్కడ ఆగమాగం కావద్దు, ఆ డ్రైవర్ కొత్త వర్షన్ నుంచి ఒక్కొక్కటి కిందికి వెతుక్కుంట పోతది, దొరకని ప్రతిదానికి మైనస్ 2 రాస్తది, ఆఖరికి లోడెడ్ ఫర్మ్‌వేర్ వర్షన్ అని కనబడితే అంతా మంచిగనే ఉన్నట్టు. బ్రాడ్‌కామ్ పాత కార్డులకైతే ఫర్మ్‌వేర్ అందరికీ పంచే లైసెన్స్ లేదు, విడిగ ఏసుకోవాల్సిందే.

మరి నెట్ లేకుండ నెట్ నుంచి డ్రైవర్ ఎట్ల దించాలె? ఫోన్‌ను కేబుల్‌తోని పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, లైనక్స్ దాన్ని వైరు నెట్ లెక్క చూస్తది, ఫోన్ వైఫైల ఉంటే డేటా కూడ పోదు. తర్వాత ఉబుంటుల అడిషనల్ డ్రైవర్స్, మింట్‌ల డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావాల్సింది అదే చూపెడతది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను ఆపే రక్షణ) ఆన్ ఉంటే ఏసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతది, రీస్టార్ట్ చేసినంక వచ్చే నీలం స్క్రీన్‌ల 'ఎన్‌రోల్ ఎంఓకే' అని ఎంచుకొని అదే పాస్‌వర్డ్ కొట్టాలె, చానామంది అక్కడ కంటిన్యూ నొక్కేసి డ్రైవర్ పనిచేస్తలేదంటరు.

వచ్చే పాఠంల ఊకె తెగిపోయే వైఫై, దాని పవర్ సేవింగ్ సంగతి చూద్దాం, అప్పటిదాక మీ కార్డు పేరు, డ్రైవర్ పేరు రాసి పెట్టుకోండి.