పిల్లలకి మత్తిచ్చి ఎండోస్కోపీ చేస్తున్నారా, ముందు ఇవి చూసుకోండి

మత్తిస్తాం అని డాక్టర్ అనగానే అందరం అడిగేది ఎంతసేపట్లో లేస్తారు అనే. అదీ అడగండి, కానీ అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది: స్కోప్ (లోపల చూడటానికి వేసే, చివర కెమెరా ఉన్న సన్న గొట్టం) వేసే డాక్టర్ కాకుండా, మొదట్నుంచి చివరిదాకా పిల్లాడి ఊపిరినే చూస్తూ కూర్చునేది ఎవరు? ఎనస్థీషియా డాక్టరో, పిల్లల మత్తులో ట్రైనింగ్ ఉన్నవాళ్ళో ఉండాలి, వాళ్ళకి ఇంకో పని అప్పజెప్పకూడదు. ఎందుకంటే పిల్లల ఊపిరి దారి సన్నం, నోటికి నాలుక పెద్దది, ఒంట్లో ఆక్సిజన్ నిల్వ తక్కువ, పైగా నోట్లోంచి వెళ్ళే స్కోప్ మరీ చిన్నపిల్లల్లో గాలిగొట్టాన్ని వెనక నుంచి నొక్కుతుంది, పొట్టలోకి గాలి ఊదుతారు కాబట్టి ఊపిరితిత్తులకి చోటూ తగ్గుతుంది. తేలిక మత్తు అనుకున్నది చూస్తుండగానే లోతుకి వెళ్ళిపోవచ్చు.

వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ ఒక్కటే చాలదండి. ఊపిరి ఆగినా అందులో ఆక్సిజన్ నంబర్ కాసేపు బాగానే కనిపిస్తుంది, అదే కాప్నోగ్రఫీ అయితే వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ చూస్తుంది కాబట్టి ఊపిరి ఆగగానే గీత పడిపోతుంది. ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. మత్తు మందుల విషయానికొస్తే, మిడజోలమ్ ఎక్కువైతే ఫ్లుమజెనిల్, ఫెంటనిల్ ఎక్కువైతే నలోక్సోన్ అనే విరుగుడు మందులు ఉన్నాయి, ప్రొపోఫోల్ త్వరగా దిగిపోతుంది గానీ దానికి విరుగుడు లేదు, అందుకే మాస్క్ పెట్టి ఊపిరి అందించడం వచ్చిన మనిషి పక్కనే ఉండాలి.

ఇంట్లో మన చేతిలో ఉన్నది కడుపు ఖాళీగా ఉంచడం. మామూలు లెక్క నీళ్ళు 2 గంటలు, తల్లిపాలు 4, వేరే పాలు, తేలిక తిండి 6, నూనె వంటలు 8 గంటల ముందు ఆపేయాలి, మీ హాస్పిటల్ వేరేగా చెబితే అదే పాటించండి. పాపం ఏడుస్తున్నాడని ఇంట్లో ఎవరైనా ఒక బిస్కెట్ పెట్టేశారనుకోండి, దాచకుండా చెప్పేయండి, వాయిదా పడితే పడనివ్వండి, మత్తులో తిన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం.

జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ముందే ఫోన్ చేయండి, అలాంటప్పుడు గొంతు బిగుసుకుపోయే అవకాశం ఎక్కువ. రాత్రి గురక, ఊగే పన్ను, ఎలర్జీలు, వాడే మందులు, ఇంట్లో ఎవరికైనా మత్తు పడకపోవడం, అన్నీ చెప్పండి. డోసు కిలోల లెక్కన కాబట్టి బరువు అంచనాగా చెప్పకుండా అక్కడే తూయించండి.

లేచాక కాసేపు ఏడుపు, చిరాకు, మిమ్మల్నే గుర్తుపట్టనట్టు చూడటం ఉండొచ్చు, భయపడొద్దు, ఎత్తుకుని మాట్లాడుతూ ఉండండి. పూర్తిగా తెలివొచ్చాకే గుటక గుటకగా నీళ్ళు. ఆ రోజంతా సైకిలు, మెట్లు ఎక్కి ఆడటం వద్దు. లేపినా లేవకపోయినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, పెదాలు నీలంగా మారినా, వాంతిలో రక్తం కనిపించినా, కడుపునొప్పి పెరిగినా వెంటనే తీసుకెళ్ళండి. ఇంటికొచ్చేటప్పుడు పెద్దవాళ్ళు ఇద్దరుండాలి, ఒకరు బండి నడిపితే ఇంకొకరు పక్కనే కూర్చోవాలి, నిద్రలో తల ముందుకి వాలితే ఊపిరి దారి మూసుకుపోతుంది, గడ్డం మెల్లగా పైకెత్తి పట్టుకోండి.